ప్రెస్ మీట్లో అడగాల్సింది అడగరేంది? మీడియాలో పని చేసినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

అలిపిరి మెట్లు:

అందరికీ నమస్తే. మాది తిరుపతే. మీడియాతో నాకు ఏ సంబంధమూ లేదు, చిన్న ఎలక్ట్రికల్ షాపు, షాపులో టీవీ పొద్దస్తమానం మోగుతా ఉంటుంది కాబట్టి ప్రెస్ మీట్లు చూసే రోగం పట్టుకుంది అంతే.

మొన్న ఒక పెద్ద నాయకుడు ఇక్కడే హోటల్లో ప్రెస్ మీట్ పెట్టినాడు, పార్టీ పేరు చెప్పను, చెప్తే ఇక్కడ వేరే గలాటా మొదలవుతాది, అసలు సంగతి పక్కకి పోతాది. ముప్పావు గంట ఆయనే మాట్లాడినాడు, పేపర్ కటింగులు చూపించినాడు, ఎదుటి పార్టీని తిట్టినాడు, నీళ్లు తాగినాడు, మళ్లీ తిట్టినాడు. ఆఖర్న వాచీ చూసుకుంటా "ఏమన్నా ఉందా అడిగేది" అన్నాడు. ఒకాయన "సార్, మీ మీద ప్రతిపక్షం చేస్తున్న విమర్శలకి మీ స్పందన ఏంటి సార్" అన్నాడు. ముప్పావు గంట ఆయన చెప్పింది అదే కదా సామీ! ఇంకొకాయన మాత్రం మంచిది అడిగినాడు, ఫలానా రోడ్డు పని ఆగిపోయి ఏడాది దాటింది, కాంట్రాక్టర్‌కి బిల్లు ఎంత ఆగింది, పని మళ్లీ ఎప్పుడు మొదలవుతాది అని. నేను షాపులో కూర్చున్నోణ్ణి లేచి నిలబడినా నిజంగా. నాయకుడు నవ్వి "తమ్ముడూ నీది ఏ పేపరు?" అన్నాడు. ఈయన పేరు చెప్పినాడు. వెనకాల నిలబడిన కార్యకర్తలు ఓ అని నవ్వినారు. "మీ పేపర్లో ఏం రాస్తారో నాకు తెల్సులే" అన్నాడు, అయిపోయింది. తర్వాత లేచినాయన పొత్తుల గురించి అడిగినాడు.

నా డౌటు ఇదీ. ఆ పొత్తుల ఆయన పొత్తులు పక్కన పెట్టి "సార్ ఇందాక మా వాడు అడిగిన బిల్లు సంగతి చెప్పలేదు" అని ఒక్క మాట అనుంటే ఏం పోయేది? అట్ల అడగకూడదని రూలేమన్నా ఉందా, లేకపోతే అందరూ ముందే మాట్లాడుకొని వస్తారా? ఎకసెక్కాలు కాకుండా తెలిసినోళ్లు చెప్పండి.


గమ్మునుండు:

రూలు ఉంది సామీ. ప్రెస్ మీట్ అయినాక పక్క హాల్లో భోజనాలు, ముందు ప్రశ్నలు సాగదీస్తే బిరియానీ చల్లారిపోతాది.


పాత కంట్రిబ్యూటర్:

గమ్మునుండు గారూ మీ పేరుకి తగ్గట్టు రవ్వంత సేపు ఉంటే నేను చెప్తా. బిరియానీ జోకు వినీ వినీ చెవులు చిల్లులు పడినాయి. అది లేదని కాదు, అది చిన్న సంగతి.

మెట్లన్నా, నేను చిత్తూరు జిల్లాలో ఒక పేపర్‌కి చానా కాలం మండల కంట్రిబ్యూటర్‌గా చేసినా, తర్వాత రెండు ఛానెళ్లకి స్ట్రింగర్‌గా. ఇప్పుడు మానేసినా, అందుకే రాస్తా ఉండా. ముందు మీరు ఒకటి తెలుసుకోవల్ల. ఆ హాల్లో మైకులు పెట్టుకొని కూర్చున్న వాళ్లలో నెల జీతం ఉండేవాళ్లు ముందు వరసలో ఉండే నలుగురైదుగురే. వెనకాల ఉన్నోళ్లం అందరం వార్త అచ్చయితే సెంటీమీటర్ల లెక్కన దుడ్లు వచ్చే జనాలం. కాలమ్ ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో స్కేలు పెట్టి కొలుచుకొని బిల్లు పెట్టుకుంటాం, నెలకి వచ్చేది పెట్రోలుకి చాలదు. మరి ఇల్లు ఎట్ల గడుస్తాది? యాడ్లు. నాయకుడి పుట్టినరోజుకి ఫుల్ పేజీ, ఉగాదికి, సంక్రాంతికి, ఎమ్మెల్యే గారి అబ్బాయి పెళ్లికి. పేపరోళ్లే మాకు టార్గెట్ పెడతారు, దాంట్లో మాకు కమీషన్. పొద్దున ప్రెస్ మీట్లో బిల్లు ఎంత ఆగిందని అడిగినోడు సాయంత్రం అదే నాయకుడి పీఏ దగ్గరికి పోయి అన్నా పుట్టినరోజు వస్తాంది కదా అరపేజీ అయినా ఇప్పించండని చేతులు నలుపుకుంటా నిలబడల్ల. మీరైతే అడుగుతారా?

అక్రిడిటేషన్ ఇంకొకటి, అంటే సర్కారు ఇచ్చే విలేకరి గుర్తింపు కార్డు. ఆ కార్డుంటే బస్సులో రాయితీ, ఇళ్ల స్థలాల లిస్టులో పేరుంటుందేమో అని ఒక ఆశ. జిల్లాలో ఆ కార్డులిచ్చే కమిటీకి కలెక్టరే ఛైర్మన్. ఎవరూ బెదిరించరు, బెదిరించాల్సిన పనే లేదు.

ఇంగ మీరడిగిన అసలు ముక్క, పక్కోడు ఎందుకు అందుకోలేదు అని. ముందే మాట్లాడుకోవడం ఏమీ ఉండదన్నా. ప్రతి ఒక్కడికీ ఆఫీసు నుంచి పొద్దున్నే ఫోన్ వస్తాది, ఆయన్ని పొత్తుల మీద మాట్లాడించు, బైట్ కావల్ల, అంటే కెమెరా ముందు ఆయన నోటి మాట, పది సెకన్లు చాలు అని. ఆ పది సెకన్లు లేకుండా ఇంటికి పోతే తిట్లు. పక్కోడి రోడ్డు బిల్లు నా డెస్కుకి అక్కర్లేదు, అది వాడి ఎక్స్‌క్లూజివ్. పైగా వాడి పేపరు మా పేపరుకి పోటీ, వాడి ప్రశ్నకి నేను బలం ఇస్తే రేపు వాడి పేజీలో వార్త వస్తాది, నాది మిస్సు. "నీది ఏ పేపరు" అన్న మాట పని చేసేది అందుకే. వాడు ఒంటరోడని నాయకుడికి తెలుసు, హాల్లో అందరికీ తెలుసు.


అలిపిరి మెట్లు:

కంట్రిబ్యూటర్ అన్నా థాంక్స్, యాడ్ల సంగతి ఇంత దూరం ఉందని తెలీదు. కానీ జీతాలు వచ్చే ఆ ముందు వరస నలుగురు? వాళ్లకేం అడ్డం?


డెస్కు మనిషి:

ముందు వరస గురించి నేను చెప్తాను, నేను ఛానెల్ డెస్కులో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. వాళ్లకి అడ్డం వాళ్ల ఓనరు. తెలుగులో ఏ పేపరు ఎవరిది, ఏ ఛానెల్ ఏ వైపు అనేది చంటిపిల్లాడికి కూడా తెలుసు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. ఒక పార్టీ ప్రెస్ మీట్‌కి కొన్ని లోగోలని, అంటే ఆ ఛానెళ్ల వాళ్లని, లోపలికే రానివ్వరు, ఇంకో పార్టీ వాళ్లు ఇంకో రెండు లోగోలని రానివ్వరు. అంటే హాల్లో మిగిలేది ఎక్కువ భాగం సొంత మనుషులు. ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగాలనే ఉద్దేశం ఉన్నవాడు గేటు బయటే ఆగిపోతాడు. లోపల మెత్తగా కూర్చున్న సొంత రిపోర్టరే అవతలి పార్టీ ప్రెస్ మీట్లో అయితే పులి. అవతలి వాళ్లేమో ఆయన్ని రానివ్వరు.

ఇంకో సంగతి మీరు టీవీలో గమనించారో లేదో. ప్రశ్న మీకు వినపడదు! నాయకుడి ముందు ఇరవై మైకులు ఉంటాయి, అడిగేవాళ్ల దగ్గర ఒక్కటి కూడా ఉండదు. ఇప్పుడు చాలా ప్రెస్ మీట్లకి మా కెమెరాలు కూడా అక్కర్లేదు, పార్టీ మీడియా టీమే నాలుగు కెమెరాలు పెట్టి ఫీడ్ తయారు చేసి లింక్ ఇస్తుంది, అన్ని ఛానెళ్లూ అదే వేసుకుంటాయి. ఆ ఫీడ్‌లో రిపోర్టర్ల వైపు ఆడియో ఉండదు, ఉంటే గింటే దూరంగా గొణుగుడు. నాయకుడు "ఆయన ఏమడుగుతున్నారంటే" అని ప్రశ్నని తనే తిరిగి చెప్తాడు చూడండి, అక్కడే సగం పని అయిపోతుంది. బిల్లు ఎంత ఆగింది అన్నది "అభివృద్ధి గురించి అడుగుతున్నారు" అయిపోతుంది. ఇంట్లో చూసేవాళ్లకి అడిగినవాడు ఏమడిగాడో తెలీదు, నాయకుడు చెప్పిందే ప్రశ్న, నాయకుడు చెప్పిందే జవాబు. నన్నడిగితే ఒక్క రూలు పెట్టాలి, అడిగేవాళ్ల చేతికి ఒక మైకు తిప్పాలి, అదీ మెయిన్ ఆడియోలో కలిసేలాగా. దీనికి ఖర్చు ఏమీ లేదు, అయినా జరగదు.

సర్కారు వైపు నుంచి భయం కూడా ఉంది, లేదనను. 2007లో జీవో 938, 2019 అక్టోబర్‌లో జీవో 2430, రెండూ తప్పుడు వార్తలు అనుకుంటే మీడియా మీద కేసులు పెట్టే అధికారం అధికారులకి ఇచ్చినవే. మొదటిదాన్ని గొడవ అయ్యాక పక్కన పెట్టారు. కానీ నిజం చెప్పాలంటే నా షిఫ్టులో జీవోకి భయపడి ప్రశ్న ఆపుకున్నవాణ్ణి నేను చూడలేదు, పై నుంచి ఫోన్ వస్తుందని ఆపుకున్నవాళ్లనే చూశాను.


మహిళా వర్సిటీ జూనియర్:

హాయ్ అండీ, నేను ఇక్కడే పద్మావతి మహిళా యూనివర్సిటీలో జర్నలిజం చదివాను, ఇప్పుడు ఆ ఫీల్డ్‌లో లేను. మెట్లు గారు అడిగిన "పక్కవాడు అందుకుంటే ఏం పోతుంది" అనేదానికి నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది, క్లాసులో వీడియో చూపించారు, మళ్లీ మళ్లీ చూశాం అందరం.

2018 జనవరి, నెదర్లాండ్స్. అమెరికా కొత్త రాయబారి పీట్ హోక్‌స్ట్రా హేగ్ నగరంలో మొదటి ప్రెస్ మీట్ పెట్టాడు. ఈయన 2015లో ఒక మీటింగ్‌లో నెదర్లాండ్స్‌లో రాజకీయ నాయకులని తగలబెడుతున్నారు అన్నట్టు మాట్లాడాడు, ఇస్లామిస్టుల వల్ల అని. ఒక విలేకరి ఆ సంగతి ఎత్తాడు. ఈయన పాత విషయాలు మళ్లీ తవ్వను అని తప్పించుకుని తర్వాతి ప్రశ్న అన్నాడు. తర్వాతి విలేకరి అదే అడిగాడు. ఆయన్ని దాటేసి ఇంకొకరిని చూపించాడు, ఆమె కూడా అదే. ఎవరైనా నాయకుణ్ణి తగలబెట్టారా, ఎవరిని, పేరు చెప్పండి అని. గదిలో ఎవ్వరూ వేరే ప్రశ్నకి పోలేదు! ఇది నెదర్లాండ్స్, ఇక్కడ ప్రశ్నలకి జవాబు చెప్పాలి అని ఒకరు మొహం మీదే అన్నారు. ఆయన ఎటు చూడాలో తెలీక ఒక రకంగా నవ్వుతూ ఉండిపోయాడు. రెండు మూడు రోజుల్లో ఒక పేపర్ ఇంటర్వ్యూలో తప్పయింది అని ఒప్పుకున్నాడు. అరిచినవాళ్లు లేరు, టేబుల్ గుద్దినవాళ్లు లేరు. వాళ్లందరూ వేరే వేరే పేపర్లే, వాళ్ల మధ్య పోటీ కూడా ఉంది.

ఇంకొకటి జర్మనీది. అక్కడ బుండెస్‌ప్రెస్సెకాన్ఫెరెంజ్ అని విలేకరుల సంఘం ఉంది, 1949 నుంచి. ఆ ప్రెస్ మీట్లకి ప్రభుత్వం విలేకరులని పిలవదు, విలేకరులే హాలు పెట్టుకుని ప్రభుత్వాన్ని పిలుస్తారు. వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాలు, ప్రభుత్వ ప్రతినిధి, అన్ని శాఖల ప్రతినిధులు వచ్చి కూర్చోవాలి. ఎవరు అడగాలి, ఎవరికి మళ్లీ ఛాన్స్ ఇవ్వాలి అనేది నిర్ణయించేది కుర్చీలో ఉన్న విలేకరి. ఇక చాలు లేస్తాను అని ఇష్టం వచ్చినప్పుడు వెళ్లిపోవడం కుదరదు, ప్రశ్నలు అయిపోయాయి అని విలేకరే చెప్పాలి. మన దగ్గర కూడా ప్రెస్ క్లబ్బులు ఉన్నాయి, మీట్ ది ప్రెస్ అని పెడతారు కూడా. కానీ మామూలు రోజుల్లో ఆ హాలు అద్దెకి తీసుకున్నవాళ్లదే కదా, అద్దె కట్టిన మనిషి కోడలి మీద కంప్లైంటు చెప్పినా రాసుకోవాల్సిందే.


గమ్మునుండు:

జర్మనీ నెదర్లాండ్స్ సరే జూనియర్ అమ్మా, తిరుమల కొండ మీద చూసినావా ఎప్పుడన్నా? దర్శనం చేసుకొని పట్టు శాలువా కప్పుకొని వస్తారు, "సార్ దర్శనం ఎలా జరిగింది సార్" "చాలా బాగా జరిగింది, రాష్ట్రం సుభిక్షంగా ఉండాలని కోరుకున్నా". నా చిన్నప్పట్నించీ అదే ప్రశ్న అదే జవాబు, మనుషులు మారతారు శాలువా మారదు.


పాత కంట్రిబ్యూటర్:

హహ శాలువా మాట నిజం. కానీ దానికీ లోపల కథ ఉండాది. 2024 నవంబర్‌లో టీటీడీ బోర్డు తిరుమలలో రాజకీయాలు మాట్లాడకూడదని తీర్మానం చేసింది కదా, దానికి ముందు గుడి ముందరే ఎంతెంత రాజకీయం మాట్లాడినారో మనందరికీ తెల్సు. అక్కడ నిలబడే రిపోర్టర్లు దర్శనం ఎట్ల జరిగిందని ఊరికే అడగరు. అది నాయకుణ్ణి నిలబెట్టడానికి. నిలబడితే రెండో ప్రశ్న వేయొచ్చు. సెక్యూరిటీ వాళ్లు లాక్కుపోయే లోపల ఇరవై సెకన్లు ఉంటాది, ఆ మొదటి తీపి ప్రశ్న లేకుంటే ఆగనే ఆగడు. రేణిగుంట ఎయిర్‌పోర్టు బయట కూడా అంతే, కారు డోరుకీ లోగోకీ మధ్యలో ఎంత దొరికితే అంత.

నేను చూసిన బాగా అడిగేవాళ్లు గొంతు పెద్దగా ఉన్నోళ్లు కాదు. మా సీనియర్ ఒకాయన ఉండేవాడు, పేరు వద్దు. ఆయన ప్రెస్ మీట్‌కి ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చేవాడు, దాంట్లో ఆ నాయకుడు పోయినసారి వచ్చినప్పుడు చెప్పిన మాటలు తేదీతో సహా రాసి ఉంటాయి. లేచి "మీరు ఫలానా తేదీన ఇదే హాల్లో మార్చి లోపల నీళ్లు ఇస్తామన్నారు, మార్చి అయింది, ఎన్ని వార్డులకి ఇచ్చినారు" అని కూర్చునేవాడు. అంతే. కూర్చోవడం ముఖ్యం అనేవాడు. నిలబడి ఉంటే నాయకుడు నీతో వాదన పెట్టుకుంటాడు, కూర్చుంటే జవాబు వెతుక్కోవల్ల. ఆయన్ని "నీది ఏ పేపరు" అని అడిగితే పేపర్ పేరు చెప్పి, మళ్ల "ఎన్ని వార్డులు సార్" అనేవాడు, కోపం లేకుండా.

ఇప్పటి పిల్లోళ్లు అట్ల కాదు, ఒకే దాంట్లో మూడు ప్రశ్నలు దూరుస్తారు. సార్ రోడ్డు ఎప్పుడు, మీ మీద కేసు ఏమైంది, వచ్చే ఎన్నికల్లో ఇక్కడే పోటీనా? నాయకుడికి పండగ. మూడోదానికి నవ్వుతా జవాబు చెప్పి లేచిపోతాడు.


తోతాపురి:

నేను బంగారుపాళ్యం వైపు రైతుని. మీ అందరి మాటలు చదివినాక ఒకటి రాయాలనిపించింది, పోయిన సంవత్సరం మామిడి గలాటా గుర్తుందా, 2025 జూన్ జూలైలు. తోతాపురి రేటు పడిపోయి కాయ రోడ్డు మీద పారబోసే పరిస్థితి, ప్రభుత్వం కిలో 12 రూపాయలు అనింది, ఫ్యాక్టరీ 8 ఇవ్వల్ల, సర్కారు 4 కలుపుతాది. జూలై 9న జగన్ మా ఊరికే వచ్చినాడు. ఆ రెండు మూడు వారాలు ప్రెస్ మీట్లు ఎన్ని చూసినామో, అధికార పార్టీది, ప్రతిపక్షానిది, మంత్రులది, అన్నిట్లోనూ ఎవరి హయాంలో రేటు జాస్తి, ఎవరు రైతు ద్రోహి, జనం ఎంత మంది వచ్చినారు, పోలీసులు ఆపినారా లేదా.

ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రోజులు ట్రాక్టర్ మీద పడుకున్న మాకు కావాల్సిన ప్రశ్న ఒకటే. ఆ 8 రూపాయలు ఇవ్వని ఫ్యాక్టరీ మీద ఎవరు కేసు రాస్తారు, ఏ ఆఫీసర్ పేరు, ఆయన ఫోన్ నంబర్ ఏంది? మా వైపు చానా మందికి ఆ 8 పడలేదు. 4 సంగతి అడిగితే బ్యాంకులో వేస్తామన్నారు, ఏ తేదీ లోపల? ఇవి రెండూ అడిగినోణ్ణి నేను టీవీలో చూడలేదు. అడిగుంటే ఆ మంత్రి ఏమీ చెప్పలేక పోయినా ఫరవాలేదు, చెప్పలేదని అయినా తెలిసేది కదా మాకి. ఎందుకు ధర పడింది అని మాత్రం ప్రతివాడూ అడిగినాడు, ఎందుకు అంటే ఎవడైనా అరగంట మాట్లాడతాడు, అంతర్జాతీయ మార్కెట్ అంటాడు, గుజ్జు నిల్వలు అంటాడు.


అలిపిరి మెట్లు:

తోతాపురి అన్నా సూపర్. ఎందుకు అని అడిగితే అరగంట, ఎంత ఎప్పుడు ఎవరు అని అడిగితే జవాబు లేదు. నేను చూసిన ప్రెస్ మీట్లో కూడా నాయకుడికి మండింది బిల్లు "ఎంత" అన్నప్పుడే.


డెస్కు మనిషి:

దీనికి మన ఊరిదే పెద్ద ఉదాహరణ ఉంది, లడ్డూ నెయ్యి. 2024 సెప్టెంబర్ 18న ఎన్డీఏ శాసనసభాపక్ష మీటింగ్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్న మాట అన్నారు, ఆ రాత్రి మా డెస్కులో ఎవరూ ఇంటికి పోలేదు. మర్నాడు ల్యాబ్ రిపోర్టు బయటికొచ్చింది. ఇంక చూడండి రోజూ రెండు మూడు ప్రెస్ మీట్లు, ఈ వైపు ఆ వైపు, ప్రమాణాలు, సవాళ్లు. నేను ఎడిట్ చేసిన ఫుటేజీ అంతట్లో ఎక్కువసార్లు విన్న ప్రశ్న, దీనిపై మీరేమంటారు, వాళ్లు ఇలా అన్నారు మీరేమంటారు.

సెప్టెంబర్ 30న కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. జడ్జీలు అడిగినవి చూడండి. టెస్టుకి పంపిన నెయ్యి ఆ లడ్డూల్లో వాడారా? వాడారని రుజువు ఎక్కడుంది? విచారణ జరుగుతుండగా ప్రెస్ ముందుకి పోవాల్సిన అవసరం ఏంటి? దేవుళ్లనైనా రాజకీయాలకి దూరంగా ఉంచండి అన్నది హెడ్డింగ్ అయింది గానీ, నాకు నచ్చింది ఆ మొదటి ప్రశ్న. ఏ ట్యాంకర్, ఏ తేదీ, వెనక్కి పంపారా లోపలికి పోయిందా. దానికి లా చదవక్కర్లేదు, తిరుపతిలో ఏ రిపోర్టర్ అయినా మొదటి రోజు అడగొచ్చు. అడిగినవాళ్లు ఒకరిద్దరు ఉన్నారేమో గానీ నా ఫుటేజీలో లేరు. అక్టోబర్ 4న సుప్రీంకోర్టు సీబీఐ డైరెక్టర్ పర్యవేక్షణలో సిట్ వేసింది, అప్పటిదాకా పదహారు రోజులు మేము అరుపులే వేశాం. ఆ అరుపులకి రేటింగ్ బాగా వచ్చింది, అది కూడా చెప్పాలి, మీరందరూ చూశారు కాబట్టే.


జెండా మోసినోడు:

అన్నలూ అక్కలూ, అందరూ ఒక వైపే చెప్తా ఉండారు. నేను ఒక నాయకుడి దగ్గర మీడియా పని చూసినోణ్ణి, ఏ పార్టీ అనేది మీకెందుకు. మా వైపు నుంచి కూడా రెండు మాటలు వినండి.

నాయకుడు గంట మాట్లాడితే బయటికి పోయేది పది సెకన్లు. దాంట్లో "ఒకవేళ అట్లా జరిగితే నేను రాజీనామా చేస్తా" అన్నది, ఒకవేళ తీసేసి రాజీనామా చేస్తా అని థంబ్‌నెయిల్ పెడతారు, పక్కన ఏడుస్తా ఉన్న ఫొటో. సాయంత్రానికి లక్షల వ్యూస్. మర్నాడు మేము ఖండన ప్రెస్ మీట్ పెట్టల్ల. ఇట్ల రెండుసార్లు దెబ్బ తింటే ఎవరైనా ప్రశ్నలు ఎందుకు తీసుకుంటారు? ఇంకోటి, సెల్ ఫోనుకి లోగో తగిలించుకొని నేనూ ఛానెలే అని వచ్చేవాళ్లు ఇప్పుడు పేపరోళ్ల కంటే జాస్తి. వాళ్లలో కొందరు అవతలి పార్టీ రాసిచ్చిన ప్రశ్న చదువుతారు, స్పెల్లింగ్ కూడా తడబడతా. "నీది ఏ పేపరు" అని అందుకే అడుగుతాం అప్పుడప్పుడు, అవమానించడానికే కాదు.

మోదీ గారు ప్రెస్ మీట్ పెట్టరని అందరూ అంటారు. 2019 మే 17న బీజేపీ ఆఫీసులో కూర్చున్నారు కదా, ప్రశ్నలు మాత్రం అమిత్ షా తీసుకున్నారు. నష్టం ఏమైంది? గెలిచినారు. మన్మోహన్ సింగ్ 2014 జనవరి 3న కూర్చొని గంటకి పైగా అన్నిటికీ జవాబు చెప్పినారు, ఆ ఎన్నికల్లో ఏమైందో చూసినారు. మన రాష్ట్రంలో కూడా 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి ప్రశ్నలు తీసుకునే ప్రెస్ మీట్లు చాలా అరుదు, ఓడిపోయినాక గంటలు గంటలు పెడతా ఉండారు. మేము సలహా ఇచ్చేవాళ్లం ఏం నేర్చుకోవల్ల దీంట్లోంచి? ప్రశ్నలు తీసుకుంటే ఓట్లు రావు, తీసుకోకపోతే పోవు. జనం అడగనంత కాలం మేం ఎందుకు మారతాం, నిజాయితీగా చెప్తా ఉండా.


మహిళా వర్సిటీ జూనియర్:

జెండా అన్నా, నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్ 🙂 థంబ్‌నెయిల్స్ గురించి ఒప్పుకుంటాను, అది మా ఫీల్డ్‌కి సిగ్గుచేటు. కానీ 2014లో ఓడిపోయింది ఆ ఒక్క ప్రెస్ మీట్ వల్లనా అన్నా, పదేళ్ల ప్రభుత్వం మీద కోపం అంతా ఎక్కడికి పోయింది? ఇంకా మీరు చెప్పిన సెల్ ఫోన్ లోగోల సమస్యకి మందు లోపలికి రానివ్వకపోవడం కాదు, మొత్తం రికార్డింగ్ ప్రశ్నలతో సహా పెట్టేయడం. అప్పుడు ఎవరు కత్తిరించారో జనమే పోల్చి చూసుకుంటారు. డెస్కు గారు చెప్పిన మైకు సంగతి మళ్లీ అక్కడికే వస్తుంది. మీ టీమే కదా ఫీడ్ ఇచ్చేది, ఒక మైకు అటు తిప్పండి.


జెండా మోసినోడు:

మైకు అటు తిప్పితే నన్ను ఇంటికి తిప్పి పంపిస్తారమ్మా.


పాత కంట్రిబ్యూటర్:

హహహ. ఆ ఒక్క మాటకి జెండా తమ్ముడికి టీ ఇప్పిస్తా.

తమ్ముడూ జనం అడగరు అన్నావు, అది సగమే నిజం. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కాడ తొక్కిసలాటలో 6 మంది పోయినారు, ఈ ఊరోళ్లకి చెప్పేది ఏముంది. మరుసటి రోజు ముఖ్యమంత్రి వచ్చి ఎస్పీ బదిలీ, ఇద్దరి సస్పెన్షన్, న్యాయ విచారణ, 25 లక్షల పరిహారం అని ప్రకటించినారు. అప్పుడు ఈ ఊర్లో ప్రతి టీ కొట్టు కాడా అడిగింది ఒకే మాట, ఆ గేటు ఎవరు తెరవమంటే తెరిచినారు, పొద్దున్నించి జనాన్ని పార్కులో ఎందుకు నిలబెట్టినారు. జనానికి ప్రశ్న తెలుసు తమ్ముడూ, మైకు మాత్రం వాళ్ల దగ్గర ఉండదు.


అలిపిరి మెట్లు:

ఇంత మంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఇప్పుడు నాదొక పిచ్చి ఆలోచన. మేము మామూలు జనం ప్రెస్ మీట్లోకి పోలేము, సరే. కానీ మనకి తెలిసిన లోకల్ రిపోర్టర్‌కి వాట్సాప్‌లో ప్రశ్న పంపితే అడుగుతారా? వచ్చే వారం అదే నాయకుడు మళ్లీ వస్తా ఉండాడంట.


పాత కంట్రిబ్యూటర్:

పంపండి అన్నా, చానా మంది అడుగుతారు, జనం అడగమన్నారు అంటే వాళ్లకీ ఒక గొడుగు. ఒక్కడికి మాత్రం పంపొద్దు. ఒకే ప్రశ్న నలుగురికి పంపండి, వేరే వేరే పేపర్లోళ్లకి, నలుగురికీ పంపినానని కూడా చెప్పండి. ఒకడు అడిగి ఆగిపోతే ఇంకోడికి అడగబుద్ధి అవుతాది, వాడి సొంత ఎక్స్‌క్లూజివ్ కాదు కాబట్టి పోటీ కూడా లేదు. ప్రశ్న మాత్రం చిన్నగా రాయండి, దాంట్లో తిట్టు వద్దు, మీ అభిప్రాయం వద్దు, "ఎందుకు" అనే మాట వద్దు. ఇట్ల: "ఫలానా రోడ్డుకి ఇప్పటిదాకా ఎంత బిల్లు చెల్లించినారు, ఎంత ఆగింది, పని ఏ తేదీన మొదలవుతాది." అదొక్కటే, పొత్తుల గురించి కలపొద్దు.

ఇంకో దారి కూడా పెట్టుకోండి, అదే ప్రశ్న సమాచార హక్కు కింద ఆ శాఖకి ఇప్పుడే వేయండి, పది రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు రావల్ల. వచ్చే వారానికి రాదు గానీ ఆ తర్వాత ప్రెస్ మీట్‌కి చేతిలో కాగితం ఉంటాది, కాగితం ఉన్నోణ్ణి నీది ఏ పేపరు అంటే నవ్వు రాదు.


తోతాపురి:

నలుగురు రిపోర్టర్లకి పంపే మెసేజ్‌లో నాది కూడా ఒక లైను కలపండి మెట్లన్నా, మామిడి 4 రూపాయలు ఇంకా రాని వాళ్లు ఎంత మంది, ఎప్పుడు వేస్తారు అని.


పాత కంట్రిబ్యూటర్:

వద్దన్నా వేరే మెసేజ్ పెట్టండి, వేరే నలుగురికి. రెండు కలిపితే ఆయన మామిడికాయ గురించే చెప్పి లేస్తాడు.